డాక్టర్ సలహా: కిక్ కొట్టి దిగుతుంటే మోకాలు ‘టక్’మంది.. టోర్నమెంట్ ఆడొచ్చా?

ప్రశ్న: మా బాబుకు 16 ఏళ్లు, ఇంటర్ ఫస్టియర్. నాలుగేళ్లుగా తైక్వాండో నేర్చుకుంటున్నాడు. 12 రోజుల కింద, గాల్లోకి ఎగిరి తిరుగుతూ తన్నే 540 కిక్ ప్రాక్టీస్ చేస్తూ కుడికాలి మీద దిగినప్పుడు మోకాలిలో ‘టక్’మని చప్పుడైందట. రాత్రికల్లా బాగా వాచింది. ఎక్స్‌రే నార్మల్ అన్నారు. ఆర్‌ఎంపీ సూది వేసి నొప్పి గోలీలిచ్చారు. పసరు కట్టు కూడా కట్టించాం. ఇప్పుడు వాపు తగ్గింది, నడుస్తున్నాడు. మెట్లు దిగేటప్పుడే అప్పుడప్పుడు మోకాలు జారినట్టు అవుతోందంటున్నాడు. మూడు వారాల్లో టోర్నమెంట్. కిక్‌లో తిరుగుడు పూర్తి కావట్లేదని కోచ్ అంటున్నారు. కాళ్లకు బలం రావాలంటే ఏ ప్రొటీన్ పౌడర్, ఏ కాల్షియం గోలీలు వాడాలి?
– ఒక తండ్రి, కాజీపేట

జవాబు: పౌడర్ సంగతి తర్వాత చూద్దాం. దిగగానే చప్పుడు, అదే రాత్రికి వాపు, మెట్ల మీద మోకాలు జారడం. ఈ మూడూ ఒకే మోకాలికి వచ్చాయంటే మేం ముందుగా అనుమానించేది ఏసీఎల్ (మోకాలి లోపల తొడ ఎముకను కాలి ఎముకతో కట్టి ఉంచే తాడులాంటి లిగమెంట్) తెగిందేమోనని. అది తెగితే కీలు లోపల రక్తం చేరి గంటల్లోనే ఉబ్బుతుంది. మెనిస్కస్ (కీలులో ఎముకల మధ్య ఉండే మెత్తలాంటి పొర) ఒక్కటే చిరిగితే వాపు సాధారణంగా మరునాటికి గానీ తెలియదు. రెండూ కలిసి దెబ్బతినడమూ మామూలే. చూడకుండా ఇదే జబ్బని నేను చెప్పలేను. చూపించేదాకా ఆడించొద్దని మాత్రం గట్టిగానే చెప్తున్నా.

ఎక్స్‌రే నార్మల్ అంటే ఎముక విరగలేదని, అంతే. లిగమెంట్ అందులో కనబడదు. దెబ్బ తగిలిన మొదటి రోజుల్లో నొప్పికి పిల్లలు కాలు బిగబడతారు కాబట్టి చేత్తో చేసే పరీక్ష కూడా సరిగ్గా తేలదు. వాపు తగ్గాక, అంటే ఇప్పుడు, కాలును ముందుకు లాగి చూస్తే చాలావరకు తెలుస్తుంది. ఎంఆర్ఐ కావాలో వద్దో ఆ తర్వాత మాట.

ఇది ఎందుకైందో కోచ్‌కు కూడా తెలియాలి. 540లో ఏ కాలితో ఎగురుతారో అదే కాలితో తన్ని, మళ్లీ అదే కాలి మీద దిగుతారు. (పేరుకు ఒకటిన్నర చుట్టు గానీ, చాలామంది అంత తిరగరు.) ఒళ్లంతా ఒక్క కాలి మీద పడుతుంది. వట్టి పాదం ఫోమ్ మ్యాట్‌కు అతుక్కుని ఆగిపోతుంది, నడుం మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది. గాల్లో మిగిలిపోయిన ఆ తిరుగుడంతా మోకాలి మీదే పడుతుంది. మోకాలు వంగకుండా నిటారుగా ఉండి, లోపలికి వాలిందంటే ఏసీఎల్‌కు అంతకంటే చెడ్డ క్షణం ఉండదు. అందుకే ‘తిరుగుడు పూర్తి కావట్లేదు’ అన్న కోచ్ మాట నాకు జబ్బు చరిత్రలా వినిపించింది. దానికి కారణం కాళ్లలో బలం లేకపోవడమే కానక్కర్లేదు. తల ఆలస్యంగా తిప్పడం, చేతులు ఒంటికి దగ్గరగా లాక్కోకపోవడం, మొదట లేపే మోకాలు పైకి రాకపోవడం, తొందరపడి ముందే తన్నడం, అలసిపోయాక కూడా ‘ఇంకొక్కటి’ అనడం. వీటిని పౌడర్ సరిచేయదు.

ఇక సూది, గోలీల విషయం. నాకు కోపం వచ్చేది ఇక్కడే. నొప్పి గోలీ లిగమెంట్‌ను అతికించదు, నొప్పి తెలియకుండా చేస్తుంది. పిల్లాడు బాగైందనుకుని మళ్లీ ఎగురుతాడు. వదులైన మోకాలు జారిన ప్రతిసారీ మెనిస్కస్ ఇంకొంచెం నలుగుతుంది. మొదటి వారాల్లో కుట్టి కాపాడగలిగిన మెనిస్కస్‌ను ఆరు నెలల తర్వాత వస్తే కత్తిరించి తీసేయాల్సి రావచ్చు. డైక్లోఫెనాక్ లాంటివి చీటీ లేకుండా రోజులకొద్దీ మింగితే కడుపులో పుండ్లు పడొచ్చు, చెమటలు కారేలా ఆడే పిల్లలకు కిడ్నీల మీదా భారం. ఇప్పుడింకా వాడుతుంటే ఆపి, డాక్టరును అడగండి. పసరు కట్టు విప్పేయండి. నూనె పెట్టి తోమించొద్దు.

చూపించేదాకా మామూలుగా నడవనివ్వండి. పరుగు, దూకడం, ఒక్కసారిగా తిరగడం వద్దు. మెట్లు రెయిలింగ్ పట్టుకునే దిగాలి. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, దాన్ని అదుముతూ తొడ కండరం 5 సెకన్లు బిగించి వదలాలి. పూటకు 10 సార్లు, రోజుకు మూడు పూటలు. నొప్పి వస్తే మానేయాలి. మోకాలు పూర్తిగా చాపలేక మధ్యలో ఇరుక్కున్నా, జ్వరంతో వాచినా, పిక్క గట్టిపడి నొప్పెట్టినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.

టోర్నమెంట్ ఈసారికి వదిలేయండి. నిజంగా ఏసీఎల్ తెగి ఆపరేషన్ అవసరమైతే మళ్లీ ఇలాంటి ఆటకు కనీసం 9 నెలలు పడుతుంది. అప్పుడు కూడా మొదలు పెట్టాల్సింది కిక్‌తో కాదు, దిగడంతో. అడుగు ఎత్తు పెట్టె మీంచి రెండు కాళ్లతో, తర్వాత ఒక్క కాలితో, మోకాలు వంచి, అది పాదం వేళ్ల వైపే చూసేలా దిగాలి. అది కుదిరాకే డోల్గే చాగి (ఒక చుట్టు తిరిగి తన్నే కిక్), ఆ తర్వాతే 540.

రోజూ రెండు గుడ్లు, పప్పు, పాలు, పెరుగు తింటున్న పిల్లాడికి మామూలుగా పౌడర్ అక్కర్లేదు. తెగిన లిగమెంట్‌కు కాల్షియంతో పని లేదు. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి ఎముకల ఓపీకి గానీ, మీకు దగ్గర్లోని ఆర్థోపెడిక్ డాక్టరు దగ్గరికి గానీ ఈ వారంలోనే తీసుకెళ్లండి. పాత ఎక్స్‌రే, మింగిన గోలీల స్ట్రిప్పులు వెంట ఉంచుకోండి. బాబును నిక్కరు వేసుకుని రమ్మనండి, బిగుతు జీన్స్‌లో మోకాలు పరీక్ష చేయడం కుదరదు.