మొదట ఆ ఫోన్ భద్రం చెయ్

అమ్మలూ,

బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయ్యావని, వచ్చే వారం నుంచి కాకినాడలో ఒక సీనియర్ గారి దగ్గర చేరుతున్నావని అక్క చెప్పింది. చాలా సంతోషం. రాజమండ్రి కోర్టులో ముప్పై ఏళ్లు దాటినవాణ్ణి కాబట్టి నీకు ఒకటి చెప్పాలనిపించింది. కాగితమైనా, ఫోనైనా, తీర్పైనా, అసలుది నీ కళ్లతో చూడకుండా కోర్టులో నోరు విప్పకు.

2016లో ఒక రైతు నా దగ్గరికి వచ్చాడు. ఆయన మీద ప్రోనోటు దావా పడింది. నాలుగు లక్షలూ ఎప్పుడో కట్టేశాడు, నోటు మాత్రం వెనక్కి తీసుకోలేదు. "డబ్బు ముట్టిందని అవతలాయన ఫోన్‌లో ఒప్పుకున్నాడండీ, రికార్డయింది" అని వినిపించాడు. "సరే, సీడీ చేయించుకు రండి" అన్నాను. ఒక సెల్ షాపులో చేయించి తెచ్చాడు. సాక్ష్యం దాకా వచ్చేసరికి ఏడాదిన్నర గడిచింది. సీడీని సాక్ష్యంగా మార్క్ చేయమని అడగ్గానే అవతలి లాయరు గారు లేచి, 65బి సర్టిఫికెట్ ఏదీ అన్నారు. ఫోన్‌లోదో కంప్యూటర్‌లోదో రికార్డు నకలు ఇచ్చేటప్పుడు, అది ఏ పరికరం నుంచి ఎలా తీశారో ధ్రువీకరిస్తూ ఇచ్చే కాగితం అది. లేదు. పోనీ ఫోన్? కొత్తది కొంటూ పాతది ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేశాడట. ఆ షాపూ ఎత్తేశారు. దావా ఆయనకు వ్యతిరేకంగా డిక్రీ అయింది. వరండాలో తువ్వాలు నలుపుతూ నిలబడి, "ఆయన గొంతు మీరూ విన్నారు కదండీ" అన్నాడు. విన్నాను. మొదటి రోజే "ఈ ఫోన్ ఎవరికీ ఇవ్వకండి" అని చెప్పి ఉంటే సరిపోయేది. ఆ తప్పు నాదే.

ఈ సర్టిఫికెట్ గొడవకు పెద్ద చరిత్రే ఉంది, నీకు పనికొస్తుంది. 1872 నాటి సాక్ష్య చట్టంలోకి 65బి వచ్చింది 2000లో, ఐటీ చట్టంతో పాటు. 2005లో పార్లమెంటు మీద దాడి కేసులో, ఆ సర్టిఫికెట్ లేకపోయినా వేరే దారిలో రుజువు చేసుకోవచ్చని సుప్రీంకోర్టు అంది. 2014లో అన్వర్ కేసుకొచ్చేసరికి, అలా కుదరదు, సర్టిఫికెట్ ఉండి తీరాలంది. 2018లో కొంచెం సడలించింది. 2020లో అర్జున్ పండిట్‌రావు ఖోట్కర్ కేసులో ముగ్గురు జడ్జీలు కూర్చుని మళ్లీ తప్పనిసరే అని తేల్చారు. పదిహేనేళ్ల ఈ ఊగిసలాటలో ఎంతమంది కక్షిదారులు నలిగిపోయారో అనుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. ఆ 2020 తీర్పు పూర్తిగా చదువు. అసలు పరికరం సొంతదారే దాన్ని తెచ్చి బోనెక్కి చెబితే సర్టిఫికెట్ అక్కర్లేదని, పరికరం వేరేవాళ్ల దగ్గర ఉండి అడిగినా సర్టిఫికెట్ ఇవ్వకపోతే కోర్టు ద్వారా తెప్పించమని అడగవచ్చని అందులో ఉంది.

ఇప్పుడు ఆ పాత చట్టం స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో అది 63వ సెక్షన్. సర్టిఫికెట్ రెండు భాగాలు. ఒకటి ఆ రికార్డు ఇచ్చేవాళ్లు, రెండోది నిపుణుడు నింపాలి. హ్యాష్ విలువ కూడా రాయాలి. ఫైలుకు అది వేలిముద్ర లాంటిది, లోపల ఒక్క అక్షరం మారినా మారిపోతుంది. అందుకని కక్షిదారు ఫోన్ తెస్తే ముందు రికార్డింగ్ వినకు. ఎవరిది, ఎప్పుడు కొన్నారు, రికార్డింగ్ ఇంకెవరికైనా పంపారా అని అడిగి రాసుకో. సీసీ కెమెరా అయితే ఆ రోజే కదులు. చాలా దుకాణాల్లో కొన్ని వారాలకే పాత రికార్డు చెరిగిపోతుంది.

సెక్షన్ల సంగతి నీకు కాలేజీలోనే చెప్పి ఉంటారు. నేరం తేదీ 2024 జులై 1కి ముందుదైతే పాత ఐపీసీయే, ఆ రోజు నుంచి జరిగినదైతే దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత. ఎఫ్‌ఐఆర్ తేదీ చూసి పొరబడకు.

ఇక ఏఐ. నువ్వు వాడతావని తెలుసు, నేనూ వాడుతున్నాను. కేసు కాగితాల పెద్ద కట్టలో తేదీలు వరుసగా పేర్చుకోవడానికి బాగుంటుంది. కానీ తీర్పులు మాత్రం దాని నోటి నుంచి తీసుకోకు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ చెప్పిన కేసులు నమ్మి కోర్టుకు ఇచ్చారు. అవి అసలు లేనే లేవు. జడ్జి 5,000 డాలర్లు జరిమానా వేశారు. డబ్బు కంటే, ఇక ఆ లాయర్లు ఏ తీర్పు చూపించినా జడ్జి అనుమానంగానే చూస్తారే, అది నాకు భయం. కోర్టు వెబ్‌సైటులో తీర్పు తెరిచి, నువ్వు చెప్పబోయే పేరా నీ కళ్లతో చదివాకే పేజీకి జెండా పెట్టు. కక్షిదారు పేరు, రోగం, ఇంటి గొడవలు ఉన్న కాగితాలు మాత్రం ఏఐలో పెట్టకు. వాళ్లు చెప్పుకున్నది నీతో.

కోటు, గౌను అక్కడ కొనకు. మన గోదావరి గట్టు దగ్గర దర్జీ బాగా కుడతాడు. కొలతలు అక్కతో పంపించు, ఆదివారంలోగా కుట్టించి బస్సులో వేయిస్తాను.

మీ మావయ్య