అత్తగారిని "చాదస్తం" అన్నందుకు మూడు వారాలుగా మాటల్లేవు

బెంగళూరు మారతహళ్లి నుంచి ఒకమ్మాయి రాసింది. కొడుకు మొదటి పుట్టినరోజుకి అపార్ట్‌మెంట్ గ్రూపులో వాట్సాప్ మెసేజ్ పెట్టేసిందట. రాజోలు నుంచి వచ్చిన అత్తగారు కుంకుమభరిణె చేత్తో పట్టుకుని, ఇంటింటికీ వెళ్లి బొట్టు పెట్టి చెప్పకపోతే అదీ ఒక పిలుపేనా అంటూ గుమ్మం దగ్గర నిలబడితే, ఆఫీసు ఫ్రెండ్స్ ముందే "అబ్బా, మీ చాదస్తం ఆపండి అత్తయ్యా" అనేసిందట. అప్పట్నుంచి ఆవిడ పొద్దున్నే లంచ్ బాక్స్ సర్ది పెడుతున్నారు, మాట మాత్రం లేదు. "చాదస్తం అంటే అంత పెద్ద తిట్టా?" అని ఆ అమ్మాయి ప్రశ్న.

తిట్టు కాదమ్మా, పుట్టుక చూస్తే అసలే కాదు. ఛందస్సు అంటే వేదానికి ఇంకో పేరు, అది చదువుకున్నవాడు ఛాందసుడు, ఆ ఛాందసమే మన నోళ్లలో నలిగి చాదస్తం అయింది. వేదంలో అక్షరం సరిగ్గా పలికితే చాలదు, స్వరం కూడా తప్పకూడదు. వేదం నేర్పేవాళ్లు చెప్పే కథ ఒకటుంది: ఇంద్రుణ్ణి చంపే కొడుకు పుట్టాలని త్వష్ట హోమం చేస్తూ, "ఇంద్రశత్రుః" అన్న మాటలో చివర ఎత్తాల్సిన స్వరాన్ని మొదట్లో ఎత్తాడు. దాంతో అర్థం తిరగబడి, ఇంద్రుడే ఎవణ్ణి చంపుతాడో వాడు అని వచ్చింది, పుట్టిన వృత్రుడు ఇంద్రుడి చేతిలోనే పోయాడు. ఇంత భయంతో చదువుకున్నవాడు కూరగాయల బేరంలో కూడా అదే పట్టింపు చూపిస్తే జనం నవ్వకుండా ఉంటారా! అలా చదువుకు పెట్టిన పేరు వెక్కిరింత అయి కూర్చుంది.

మీ అత్తగారికి ఈ కథంతా తెలిసి బాధపడ్డారని కాదు. ఆవిడకి తెలిసిన మర్యాద అది, నలుగురి ముందు అది నవ్వులపాలైంది. (నన్ను నా కోడలు ఇదే మాట వంటింట్లో అంది, నేనూ నవ్వేశాను. హాల్లో చుట్టాల ముందు అని ఉంటే ఏమయ్యేదో.) కాబట్టి మీ అభిప్రాయానికి సారీ అక్కర్లేదు, అన్న చోటుకి చెప్పండి. మీ ఆయన్ని రాయబారం పంపకండి. రాత్రి బాబు పడుకున్నాక, "ఫ్రెండ్స్ ముందు అలా అనకుండా ఉండాల్సింది అత్తయ్యా" అంటే చాలు. "కానీ మీరు కూడా..." అని అప్పుడే తగిలించకండి.

తర్వాత నలభై ఫ్లాట్లూ తిరగమని నేనూ అనను. మర్యాద అంటే అసలు అర్థమే ఎల్ల, సముద్రానికి చెలియలికట్ట లాగా, ఈ పట్టింపుకీ ఒకటి పెట్టుకోవచ్చు. వరలక్ష్మీ వ్రతానికి మీ ఫ్లోర్‌లో ఉన్న నాలుగిళ్లకి భరిణె పట్టుకుని ఇద్దరూ వెళ్లండి, మిగతావాళ్లకి వాట్సాప్. కన్నడంవాళ్లకి అరిశిన కుంకుమ (మన పసుపు కుంకుమే) కొత్తేం కాదు, లోపలికి రమ్మని కాఫీ కూడా ఇస్తారు. అక్కడ మాట్లాడేది ఆవిడే అవ్వనివ్వండి. భాష రాదు కదా అని మీరు అందుకోకండి, తెలుగులోనే మాట్లాడతారు, వాళ్లకి అర్థమవుతుంది.