పాత మోవర్ అమ్మకు, ఆగు

చిరంజీవికి పెద్దనాన్న ఆశీస్సులు.

కాలిఫోర్నియాలో గడ్డి కోసే మోవర్లు, ఆకులు ఊదే బ్లోయర్ల లాంటి పెట్రోలు యంత్రాలన్నీ నిషేధించారట, ఉన్నవి వచ్చిన ధరకు వదిలించుకుని బ్యాటరీవి కొంటానని నిన్న ఫోనులో అన్నావు. ఇరవై ఏళ్లు నీలాగే ఇళ్ల తోటపని చేసినవాణ్ని, నా మాట విని ఒక్క వారం ఆగు.

రాష్ట్రం నీ దగ్గరున్న యంత్రాన్ని నిషేధించలేదు. 2021లో వచ్చిన ఏబీ 1346 చట్టమూ, దాని వెంట గాలి కాలుష్యం సంగతి చూసే రాష్ట్ర వాయు వనరుల బోర్డు పెట్టిన నియమమూ కొత్త ఇంజన్ల తయారీకి సంబంధించినవి. 25 హార్స్‌పవర్‌కు మించని చిన్న ఇంజన్లలో 2024 మోడల్ నుంచి తయారయ్యేవి చాలా వరకు పొగ వదలనివై ఉండాలి, అంతే. పాతవి వాడుకోవచ్చు, బాగు చేయించుకోవచ్చు.

నిన్ను పట్టుకునేది నగరం. లాస్ ఏంజెలెస్‌లో ఇళ్లకు 500 అడుగుల లోపు పెట్రోలు బ్లోయర్ వాడకూడదన్న నియమం 1998 నుంచే ఉంది. ఈ రాష్ట్రంలోనే ఉన్న కార్మెల్ అనే చిన్న ఊరైతే 1975లోనే బ్లోయర్లను వద్దంది. నీ ఖాతాదారులు నాలుగు ఊళ్లలో ఉన్నారు కాబట్టి నాలుగు ఊళ్ల మునిసిపల్ కోడ్‌లూ చదవక తప్పదు. ఇంధనం మీద ఏముందో, శబ్దం మీద ఏముందో విడివిడిగా చూడు. డెసిబెల్ పరిమితి గానీ, పని వేళల పరిమితి గానీ ఉంటే అది బ్యాటరీ యంత్రానికీ వర్తిస్తుంది. ఈ సంగతి అమ్మేవాడు చెప్పడు.

ఇక డబ్బు. పని మానేశాక మా ఇంటి గడ్డికి బ్యాటరీ మోవర్ కొన్నాను. తాడు మూడుసార్లు లాగితే గానీ లేవని పాతదాన్ని, ఇంటికొచ్చి అడిగినవాడికి 40 డాలర్లకు ఇచ్చేశాను. తీరా చూస్తే లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల గాలి కాలుష్యం సంగతి చూసే సౌత్ కోస్ట్ వాయు నాణ్యత జిల్లా వాళ్లు ఇళ్లలో వాడుకునేవారికి 250 డాలర్ల దాకా రిబేటు ఇస్తున్నారు. షరతు ఏమిటంటే నడిచే పెట్రోలు మోవర్‌ను వాళ్లు చెప్పిన తుక్కు కేంద్రంలో అప్పగించి రసీదు తేవాలి. నా దగ్గర కొత్త మోవర్ బిల్లు ఉంది, అప్పగించడానికి పాతది లేదు. మీ పెద్దమ్మ ఇప్పటికీ ఆ 40 డాలర్ల గురించి నలుగురిలో ఎత్తుతుంది.

నీది వ్యాపారం కాబట్టి నీకు వాళ్లదే వేరే పథకం. పాత యంత్రం అప్పగిస్తే అదే రకం బ్యాటరీ యంత్రం మీద 75 శాతం దాకా తగ్గింపు ఇస్తూ వచ్చారు. ముందు దరఖాస్తు, తరువాత ఆమోదం, ఆ తరువాతే కొనుగోలు. ఈ వరుస తప్పకు. నిధులు అయిపోతే మళ్లీ వచ్చేదాకా ఎదురుచూడాల్సిందే కనుక ఫోను చేసి కనుక్కో. కొలరాడోలో పాతది ఇవ్వకుండానే 30 శాతం కొట్లోనే తగ్గించారని మీ అక్క చెప్పి ఉంటుంది. అది 2024లో అక్కడ మొదలైన పద్ధతి, దాన్ని ఇక్కడ ఆశించకు.

అన్నీ ఒకేసారి మార్చకు. మార్చాల్సింది ముందు బ్లోయరే, ఊళ్ల నియమాలు ఎక్కువగా దాని మీదే. పెద్ద బ్లోయర్ ఒక గంట నడిస్తే వచ్చే పొగమంచు కాలుష్యం, కారులో 1,100 మైళ్లు, అంటే లాస్ ఏంజెలెస్ నుంచి డెన్వర్ దాకా వెళ్లినంత అని వాయు వనరుల బోర్డే లెక్క చెప్పింది. ఆ లెక్క నాకు కొత్త కాదు, ఆయిలు కలిపిన పెట్రోలు వాసన వదలక నా చొక్కాలు విడిగా ఉతికేవాళ్లం.

అయితే బ్యాటరీని ఎక్కువగా తినేదీ బ్లోయరే. 56 వోల్టులు, 5 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో ఉండేది 280 వాట్-అవర్లు. యంత్రం 840 వాట్లు లాగిందంటే ఇరవై నిమిషాల్లో ఖాళీ. రోజుకు ఎన్ని నిమిషాలు ఊదుతావో గడియారం పెట్టి ఓ వారం రాసుకో, ఆ తరువాత ఎన్ని బ్యాటరీలు కావాలో లెక్క కట్టు. వేడిగా ఉన్న బ్యాటరీని చార్జర్ తీసుకోదు, చల్లారే సమయం కూడా లెక్కలో వేసుకో. ట్రక్కులో పెట్రోలు జనరేటర్ పెట్టి చార్జ్ చేస్తానన్నావు, నవ్వొచ్చింది. ఒకే కంపెనీ యంత్రాలు తీసుకుంటే ఒక బ్యాటరీ అన్నిటికీ పనికొస్తుంది.

నీ పాత మోవర్ నెల రోజులుగా స్టార్ట్ కావడం లేదన్నావు కదా. నడవని యంత్రాన్ని వాళ్లు తీసుకోరు. శనివారం పొద్దున వస్తాను, కార్బురేటర్ విప్పి శుభ్రం చేద్దాం. తుక్కులో వేయడానికి బాగు చేయాల్సిన మోవర్ ఇదొక్కటే అనుకుంటాను.

నీ పెద్దనాన్న