వెనక హబ్బు ఫోటో ముందు పంపు

చిన్నీ,

మీ అమ్మ ఫోన్ చేసి "అన్నయ్యా, నీ పిచ్చి దీనికి పట్టుకుంది" అంది. ఏ పిచ్చో అడగక్కర్లేకపోయింది. పాత గేర్ల సైకిలు విప్పేసి, చక్రం తిరిగినంతసేపూ పెడళ్లూ తిరిగే ఫిక్స్‌డ్ చేసుకుంటున్నావట, సగం సామాన్లు కొనేశావట. ఫోన్ పెట్టేశాక నాలో నేనే నవ్వుకున్నాను. ఇన్నాళ్లకి మన ఇంట్లో పాన పట్టే చెయ్యి ఇంకోటి వచ్చింది కదా అని. రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు. "సగం సామాన్లు కొనేసింది" అన్న మాట దగ్గరే ఆగిపోయాను. ఏ సగం?

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. 700సి చక్రాలైతే రిమ్ము మీదా టైరు మీదా 622 అని ఉండాలి. నీ ఫ్రేము 27 అంగుళాల కాలం నాటిదైతే అప్పటి రిమ్ము 630. ఇప్పుడు 700సి వేస్తే రిమ్ము అంచు నాలుగు మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది, బ్రేకు అంతవరకూ అందుతుందో లేదో చూసుకో. సీటు గొట్టం కొలత దాని మీదే చెక్కి ఉంటుంది, సరిగ్గా అదే కొను. హాండిలు 25.4, దాన్ని పట్టుకునే స్టెమ్ 26 అయితే బిగించినట్టే ఉంటుంది, గట్టిగా లాగిన రోజున తిరిగిపోతుంది. పెడళ్ల ఇరుసు కూర్చునే బాటమ్ బ్రాకెట్ గొట్టం వెడల్పు 68 మిల్లీమీటర్లయితే చాలావరకూ ఇంగ్లిష్ మర, 70 అయితే ఇటాలియన్. ఇంగ్లిష్ దానికి చైను వైపు కప్పు ఎడమ మర అని మర్చిపోయి బలంకొద్దీ తిప్పావంటే ఫ్రేము పోతుంది. క్రాంకు, అంటే పెడల్‌ని మోసే చెయ్యి, 165 మిల్లీమీటర్లది తీసుకో. మలుపులో కాలు ఆపే వీలు ఉండదు కదా, పెడల్ నేలకి తగలకూడదు.

చైను సంగతి కాస్త ఆగి చదువు. వెడల్పులో రెండు రకాలు: 1/8 అంగుళం, 3/32 అంగుళం. లింకు పొడవు రెండిటికీ అర అంగుళమే. వెడల్పు చైను సన్న పళ్ల మీద నడుస్తుంది. సన్న చైను వెడల్పు పళ్ల మీద అసలు కూర్చోదు. చైన్‌వీల్ (ముందు పళ్ల చక్రం), కాగ్ (వెనక పళ్ల చక్రం), చైను మూడూ 1/8 తీసుకుంటే గొడవే లేదు. పాత అరిగిన కాగ్ మీద కొత్త చైను మాత్రం వెయ్యకు. ఉన్న చైనే వాడాలనుకుంటే స్కేలు పెట్టి కొలువు. 12 అంగుళాలు ఉండాల్సిన చోట 1/16 అంగుళం సాగిందంటే పారెయ్.

తర్వాత చైను గీత. ఫ్రేము నడిమధ్య నుంచి ముందు పళ్లు ఎంత దూరంలో ఉన్నాయో, వెనక పళ్లూ అంతే దూరంలో ఉండాలి. ఫిక్స్‌డ్ కోసమే చేసిన ట్రాక్ సామాన్లకి అది మామూలుగా 42 మిల్లీమీటర్లు. నీ పాత రోడ్డు క్రాంకు ఇంకాస్త బయటికి కూర్చుంటుంది. క్రాంకు కూర్చునే చదరపు ఇరుసుల్లో జేఐఎస్ అనీ ఐఎస్ఓ అనీ రెండు రకాలున్నాయి. చూడటానికి కవల పిల్లల్లా ఉంటాయి. ఒకదాని క్రాంకు ఇంకోదాని మీదికి ఎక్కిస్తే నాలుగున్నర మిల్లీమీటర్లు అటో ఇటో జరుగుతుంది. గేర్ల సైకిలైతే ఆ తేడాకి గేర్లు మార్చే డిరైలర్ సర్దుకుపోతుంది. నీ సైకిలుకి ఆ దిక్కు లేదు. చైను ఊడిందంటే కాళ్ల కింద ఏమీ ఉండదు.

వెనక ఇరుసు కూర్చునే గాడి అడ్డంగా ఉందా, నిలువుగా ఉందా? నిలువు గాడి అయితే ఈ పని ఇక్కడితో ఆపు. చక్రాన్ని వెనక్కి లాగి చైను బిగించే వీలుండదు. చైనుని నొక్కి పట్టే టెన్షనర్ పెట్టుకోవచ్చని ఎవరైనా చెబితే, అది ఫ్రీవీల్ (కాళ్లు ఆపినా చక్రాన్ని తిరగనిచ్చేది) ఉన్న సింగిల్ స్పీడ్‌కే. ఫిక్స్‌డ్‌లో నువ్వు వెనక్కి ఒత్తినప్పుడు బరువంతా కింది చైను మీద పడుతుంది, టెన్షనర్ విరుగుతుంది. గాడుల మధ్య వెడల్పు కూడా కొలువు. ట్రాక్ హబ్బు (చక్రం నడిమి భాగం) 120 మిల్లీమీటర్లు, పాత ఆరు గేర్ల ఫ్రేము 126. ఆ ఆరు మిల్లీమీటర్లకి చెరో పక్క మూడేసి మిల్లీమీటర్ల వాషర్లు పెట్టు. నట్లు బిగించి ఫ్రేమునే దగ్గరకి లాగేద్దామని చూడకు.

ఇక హబ్బు. నిద్ర పట్టనిది దీని గురించే.

నువ్వు చిన్నప్పుడు నా ఎడమ అరచేతిలో గోళీలు పెట్టేదానివి, గుర్తుందా? అవి జారి కింద పడుతుంటే కిలకిలా నవ్వేదానివి. "మామయ్యా, నీ చెయ్యి ఎందుకు పూర్తిగా తిరగదు?" అంటే చెట్టు మీంచి పడ్డానని చెప్పాను. అబద్ధం. నాకు ఇరవై రెండేళ్లప్పుడు సైకిలు మీంచి పడ్డాను, అదీ నేనే చేసుకున్న సైకిలు.

నా దగ్గరా నీకులాగే పాత గేర్ల సైకిలు ఉండేది. ట్రాక్ హబ్బుకి డబ్బుల్లేవు. ఫ్రీవీల్ విప్పి చూస్తే, ఆ హబ్బు మర 1.37 అంగుళాలు, అంగుళానికి 24 చుట్లు. ఫిక్స్‌డ్ కాగ్ మరా అదే కొలత. తిప్పితే వెన్నలా ఎక్కింది. చిత్రమేమిటంటే బాటమ్ బ్రాకెట్ లాక్‌రింగ్ (కదలకుండా బిగించే రింగు) మర కూడా అదే. కాగ్ మీద దాన్ని కూడా ఎక్కించి, గొట్టం తొడిగిన పానతో బలమంతా పెట్టి బిగించాను. ఎంత పొంగిపోయానో! ఖర్చు లేకుండా ఫిక్స్‌డ్ చేశానని స్నేహితులందరికీ తిప్పి తిప్పి చూపించాను. అందం చెడుతుందని ముందు బ్రేకు కూడా తీసేశాను.

మూడు వారాలు బాగానే నడిచింది. నడిచింది అంటున్నాను గానీ, రెండో వారం నుంచే అది నాకు చెబుతూనే ఉంది. ఆపడానికి కాళ్లు వెనక్కి ఒత్తినప్పుడల్లా 'టిక్' మని చిన్న చప్పుడు, పెడల్ ఒక అర అంగుళం వెనక్కి జారేది. చైను వదులైంది కాబోలనుకుని బిగించాను. మర్నాడు మళ్లీ 'టిక్'. మళ్లీ బిగించాను. ఒక్కసారైనా చక్రం విప్పి చూడలేదు.

ఒకరోజు దిగుడు రోడ్డు మీద ఒత్తాను. మొదట పట్టు దొరికింది. తర్వాత కాళ్లు ఆగిపోయాయి, చక్రం మాత్రం తిరుగుతూనే ఉంది. కాగ్ మర మీంచి విడిపోయి లాక్‌రింగ్‌ని కూడా తోసుకుంటూ బయటికి వచ్చేసింది, చైను పడిపోయింది. పాదాలేమో పట్టీల్లో బిగించి ఉన్నాయి. బ్రేకు లేదు. రోడ్డు పక్కన ఇసుక కుప్ప కనిపిస్తే దాంట్లోకి తిప్పాను. ముంజేతిలో రెండు ఎముకలూ విరిగాయి. ఇసుక లేకపోతే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచించను.

ఎందుకు ఊడిందో అర్థం చేసుకో. ముందుకి తొక్కితే కాగ్ బిగుస్తుంది. వెనక్కి ఒత్తితే విప్పే దిశలో తిరుగుతుంది. నేను వేసిన లాక్‌రింగ్‌దీ అదే కుడి మర కాబట్టి, కాగ్‌తో పాటు తానూ విప్పుకుంది. అసలు ట్రాక్ హబ్బులో లాక్‌రింగ్‌కి ఎడమ మర ఉంటుంది. కాగ్ విప్పుకోబోయి దాన్ని తోస్తే అది ఇంకా బిగుస్తుంది. చక్రం తీసి పక్క నుంచి చూడు. మెట్టు మీద మెట్టులా రెండు మరలు కనిపించాలి. లోపలిది పెద్దది, కాగ్ కోసం. బయటిది చిన్నది, మామూలుగా 1.29 అంగుళాలు, చుట్లు ఎదురు దిశలో. పాత ఇటాలియన్ హబ్బుల్లో 1.32 కూడా ఉంటుంది, అందుకే లాక్‌రింగ్‌ని హబ్బుతో పాటే కొనాలి. ఒకే వెడల్పు మర కనిపిస్తే అది ఫ్రీవీల్ హబ్బు. దాని మీద ఫిక్స్‌డ్ కాగ్ వెయ్యనే వద్దు. జిగురు పూస్తే ఆగుతుందని చెప్పేవాళ్లు ఉంటారు. వాళ్ల చెయ్యి పూర్తిగా తిరుగుతోందేమో!

కోపంగా రాశానా? కోపం నీ మీద కాదులే.

వీలైతే రెండు వైపులా మర ఉన్న హబ్బు తీసుకో, ఒక పక్క ఫిక్స్‌డ్, రెండో పక్క ఫ్రీవీల్. మొదటి నెల ఫ్రీవీల్ వైపు నడుపు. చక్రం తిప్పి వేసుకోవడం నామోషీ ఏమీ కాదు. టూర్ ద ఫ్రాన్స్ సైకిలు పందెంలో 1937 దాకా డిరైలర్‌కి అనుమతే లేదు. కొండ ఎక్కే ముందు దిగి చక్రం తిప్పి పెట్టుకున్న మహామహులున్నారు.

ముందు 48 పళ్లకి వెనక 16 వేస్తానన్నావట. సరిగ్గా మూడు రెట్లు. నీ మోకాళ్లకి బరువు, అది ఒక సంగతి. పైగా పెడల్ ఒక చుట్టుకి చక్రం సరిగ్గా మూడు చుట్లు తిరుగుతుంది కాబట్టి, చక్రం బిగబట్టి జారించినప్పుడల్లా టైరు ఒక్క చోటే నేలకి రాసుకుని, అక్కడే అరుగుతుంది. 46కి 17 వెయ్యి, ఆ అరుగుదల పదిహేడు చోట్లకి పంచుకుంటుంది. తొక్కడమూ తేలిక.

చైను బిగింపు చూసేటప్పుడు క్రాంకు నిదానంగా పూర్తి చుట్టు తిప్పు. ఒక చోట బిగుతుగా, ఇంకో చోట వదులుగా ఉంటుంది, ఏ చైన్‌వీలూ అచ్చంగా గుండ్రంగా ఉండదు. బిగుతుగా ఉన్న చోట అర అంగుళం పైకీ కిందికీ ఆడితే చాలు.

ఇంకోటి. ఇది మాత్రం మూడుసార్లు చదువు. చక్రం తిరుగుతుండగా చైనుని గుడ్డతో తుడవకు. మామూలు సైకిలైతే వేలు చిక్కినా చైను ఆగుతుంది. ఫిక్స్‌డ్‌లో చక్రం ఊపు ఆగే దాకా పళ్లు తిరుగుతూనే ఉంటాయి, వేలిని తీసుకుపోతాయి. నూనె వేసి చెయ్యి తీసేసి, అప్పుడు తిప్పు. షూ లేసులు లోపలికి దోపుకో. చిన్నప్పుడు నీ లేసులు ఎప్పుడూ వేలాడుతూనే ఉండేవి.

ముందు బ్రేకు గురించి నాతో వాదించకు. ఫోర్కుకి కన్నం లేకపోతే వేరే ఫోర్కు కొను, డబ్బులు నేనిస్తాను. మీ అమ్మకి చెప్పకు.

పార్సిల్లో నా లాక్‌రింగ్ పాన, కాగ్ తిప్పే చైన్ విప్ పెడుతున్నాను. పాన పిడికి చుట్టిన ట్యూబు ముక్క విప్పకు, లేకపోతే అరచెయ్యి కోసుకుంటుంది. అవి అందేలోపు వెనక హబ్బు ఫోటో తీసి పంపు. పక్క నుంచి, వెలుతురులో, మర చుట్లు లెక్కపెట్టేంత దగ్గరగా. అది చూసేదాకా ఏదీ బిగించకు.

నీ మామయ్య