కచేరీల కంపెనీ లెక్కలు చదువుతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

అమెరికా కచేరీల కంపెనీ లైవ్ నేషన్ మీద నువ్వు పంపిన నివేదిక ముసాయిదా చదివాను. పట్టికలు శుభ్రంగా ఉన్నాయి, భాషా బాగుంది. కానీ మొదటి పేరాలోనే "2024లో లైవ్ నేషన్ ఆదాయం రికార్డు స్థాయికి చేరింది కాబట్టి కంపెనీ పనితీరు బాగుంది" అని రాశావు. ఆ "కాబట్టి" కింద పెన్సిల్‌తో గీత గీశాను. ఆదాయం పెరిగిన మాట నిజం, 2023లో దాదాపు 2,275 కోట్ల డాలర్లు ఉన్నది 2024లో 2,316 కోట్ల డాలర్లయింది. అయితే కచేరీల వ్యాపారంలో డబ్బు చేతిలో పడటం వేరు, చేతిలో మిగలడం వేరు. టికెట్ కొన్నవాడు ఇచ్చిన డబ్బులో ఎక్కువ భాగం కళాకారుడికి చేరవలసిందే. అది కంపెనీ పుస్తకాల గుండా నడిచి వెళ్తుంది, అంతే.

ఇది బోధపడాలంటే కంపెనీ స్థాయి అంకెలు కాసేపు పక్కన పెట్టి, ఒకే ఒక్క కచేరీ లెక్క వేసుకో. ఇవి నేను ఊహించిన అంకెలే, ఒప్పందం తీరు మాత్రం ఈ వ్యాపారంలో నిత్యం కనిపించేదే. పది వేల సీట్ల వేదిక, సగటు టికెట్ 80 డాలర్లు. హాలు నిండితే వసూలు 8 లక్షల డాలర్లు. అద్దె, ధ్వని పరికరాలు, సిబ్బంది, ప్రకటనలు, బీమా కలిపి ఖర్చు 2 లక్షలు. కళాకారుడికి 4 లక్షల గ్యారంటీ, లేదా ఖర్చులు పోగా మిగిలినదానిలో 85 శాతం, రెండింటిలో ఏది ఎక్కువైతే అది. హాలు నిండిన రోజున ఖర్చులు పోగా 6 లక్షలు మిగులుతాయి. అందులో 5 లక్షల 10 వేలు కళాకారుడివి, 90 వేలు ప్రమోటర్‌వి, అంటే కచేరీ ఏర్పాటు చేసే కంపెనీవి. ఏడున్నర వేల టికెట్లే అమ్ముడైతే వసూలు 6 లక్షలు, ఖర్చు 2 లక్షలు, గ్యారంటీ 4 లక్షలు, ప్రమోటర్‌కు మిగిలేది సున్నా. ఆరు వేలే అమ్ముడైతే లక్షా 20 వేల నష్టం.

ఒక్క సీటు కూడా ఖాళీ లేకపోయినా లాభం 90 వేలు దాటదు. నష్టం మాత్రం, ఒక్క టికెట్టూ అమ్ముడవకపోతే, 6 లక్షల దాకా పోవచ్చు. గొప్ప కళాకారుడైతే ఆ 85 శాతం 90కి, ఇంకా పైకి కూడా వెళ్తుంది. మరి ఇంత బేరం తెలిసీ ఈ పని ఎందుకు చేస్తారని అడుగుతావు. ఆ జవాబు కంపెనీ నివేదికలోనే విభాగాల వారీ పట్టికలో ఉంది. నీ ముసాయిదాలో ఆ పట్టిక అనుబంధంలోకి వెళ్లిపోయింది. దాన్ని మొదటి పేజీకి తీసుకురా.

2024లో లైవ్ నేషన్ కచేరీల విభాగం ఆదాయం సుమారు 1,902 కోట్ల డాలర్లు, సర్దుబాటు చేసిన నిర్వహణ లాభం (తరుగుదల లాంటి కొన్ని ఖర్చులు లెక్కలోకి తీసుకోని లాభం) దాదాపు 53 కోట్లు. అంటే వంద డాలర్లకు మూడు డాలర్లు కూడా కాదు. టికెట్ల విభాగం, అంటే టికెట్‌మాస్టర్, ఆదాయం 299 కోట్లు, లాభం సుమారు 112 కోట్లు. స్పాన్సర్‌షిప్, ప్రకటనల విభాగం ఆదాయం 120 కోట్లు, లాభం 76 కోట్ల పైచిలుకు. ఆదాయంలో ఇరవయ్యో వంతుకు కాస్త మాత్రమే పైన ఉన్న ఆ మూడో విభాగం, అయిదింట నాలుగు వంతుల పైన ఉన్న మొదటి విభాగం కంటే ఎక్కువ సంపాదించింది! 2010 జనవరిలో టికెట్‌మాస్టర్‌తో విలీనం ఎందుకు జరిగిందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి పట్టిక తెలియదు. కచేరీ జనాన్ని పోగుచేస్తుంది. టికెట్ రుసుము, ప్రకటనదారుడి సొమ్ము, వేదిక దగ్గర తిండి, పార్కింగ్ డబ్బు ఆ పోగైన జనం వల్ల వస్తాయి. ఇది ఒక్క కంపెనీ తీరే అనుకోకు. జర్మనీకి చెందిన సీటీఎస్ ఈవెంటిమ్ లెక్కలు తెరిచినా టికెట్ల విభాగం లాభాల్లో తేలుతూ, కచేరీల విభాగం ఒక అంకె శాతంతో ఈదుతూ కనిపిస్తుంది.

ఒక హెచ్చరిక. టికెట్ల విభాగం ఆదాయాన్నీ కచేరీల ఆదాయాన్నీ ఒకే తక్కెడలో తూచకు. కచేరీ తామే నిర్వహిస్తే టికెట్ ధర మొత్తం ఆదాయంగా రాస్తారు. ఇతరుల కార్యక్రమాలకు టికెట్లు అమ్మిపెడితే తమకు దక్కే రుసుము మాత్రమే రాస్తారు. 2023లో రుసుము వచ్చే టికెట్ల మొత్తం విలువ దాదాపు 3,600 కోట్ల డాలర్లు, విభాగం ఆదాయం మాత్రం 300 కోట్లకు కాస్త లోపు. లాభం ఎంత శాతం అని రాసేముందు కింద ఏ హారం పెట్టావో ఒకసారి చూసుకో.

ఇప్పుడు 2023ను, 2024ను పక్కపక్కన పెట్టు. ఈ రెండేళ్ల కథే నీ నివేదికకు ప్రాణం. కచేరీల ఆదాయం 1,876 కోట్ల నుంచి 1,902 కోట్లకు, అంటే ఒకటిన్నర శాతం కూడా పెరగలేదు. విభాగం లాభం మాత్రం 32 కోట్ల దగ్గరి నుంచి 53 కోట్లకు వెళ్లింది. ప్రేక్షకులు 14.5 కోట్ల పైనుంచి 15.1 కోట్లకు చేరారు. తలసరి లెక్క కట్టు. ఒక్కో ప్రేక్షకుడి మీద ఆదాయం 129 డాలర్ల నుంచి 126కు తగ్గింది, లాభం 2 డాలర్ల 20 సెంట్ల నుంచి మూడున్నర డాలర్లకు పెరిగింది. ఆదాయం తగ్గి లాభం పెరగడమేమిటి?

వేదికల కూర్పు మారింది. 2024లో పెద్ద స్టేడియం ప్రదర్శనలు తగ్గి, ఆంఫీథియేటర్లకు (ఆరుబయట మెట్ల వరసల వేదికలకు), ఇండోర్ వేదికలకు జనం ఎక్కువగా వెళ్లారు. స్టేడియంలో టికెట్ ఖరీదు, వసూలు భారీ, కానీ అక్కడ పాడే స్థాయి కళాకారుడి వాటా కూడా భారీ, పైగా వేదిక ఎవరిదో అవుతుంది. ఆంఫీథియేటర్ చాలాచోట్ల కంపెనీ చేతిలో ఉంటుంది. అక్కడ పానీయాలు, తినుబండారాలు, పార్కింగ్, ముందు వరసల ప్రత్యేక ఏర్పాట్ల మీద ఒక్కో ప్రేక్షకుడు సగటున పెట్టే ఖర్చు 2023 నాటికే 40 డాలర్లు దాటింది. అందులో కళాకారుడికి సాధారణంగా వాటా ఉండదు. నా ఊహా కచేరీనే మళ్లీ తీసుకో. పది వేల మంది 40 డాలర్ల చొప్పున ఖర్చు పెడితే 4 లక్షలు. సరుకు, సిబ్బంది ఖర్చులు పోయి సగం మిగిలినా, టికెట్ల మీద వచ్చిన 90 వేలకు రెట్టింపు పైనే. వేదికల మీద కంపెనీ అంత పెట్టుబడి ఎందుకు పెడుతోందో వేరే చెప్పనక్కరలేదు. నివేదికలో "వేదికల సంఖ్య పెరిగింది" అని ఒక్క వాక్యంతో దాటేశావు. దానికి ఒక పేజీ ఇవ్వు.

నిర్వహణ గణాంకాల దగ్గరికి వస్తే, కింద చిన్న అక్షరాల్లో ఉండే గమనికలు చదవకుండా ఏ అంకెనూ వాడకు. ఆ కంపెనీ లెక్కలో మూడు రోజుల సంగీతోత్సవం ఒకే కార్యక్రమం, కానీ అక్కడి ప్రేక్షకులను వాళ్లు హాజరైన రోజులను బట్టి లెక్కిస్తారు. మూడు రోజులూ వచ్చినవాడు ముగ్గురన్నమాట. నువ్వేమో ప్రేక్షకులను కార్యక్రమాలతో భాగించి "సగటు హాజరు" అని ఒక రేఖాచిత్రం గీశావు. ఉత్సవాలు పెరిగిన ఏడాది ఆ గీత దానంతట అదే పైకి లేస్తుంది. ఏ కచేరీలోనూ ఒక్క తల అదనంగా కనిపించకపోయినా సరే. అలాగే "అమ్ముడైన టికెట్లు" అని పెద్ద సంఖ్య కనిపిస్తే మురిసిపోకు. అందులో రుసుము రాని టికెట్లూ ఉంటాయి. రుసుము వచ్చేవి మొత్తంలో దాదాపు సగమే. ఆ సగమే నీకు కావాలి.

నగదు గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. 2023 చివర కంపెనీ చేతిలో 620 కోట్ల డాలర్ల నగదు ఉందని చూసి "బలమైన నగదు నిల్వలు" అని రాశావు. ఆ డబ్బు ఎవరిదని అడిగావా? వచ్చే వేసవి కచేరీకి ఇప్పుడే టికెట్ కొన్నవాళ్ల డబ్బు అందులో ఉంది. కచేరీ జరిగేదాకా అది ఆదాయం కాదు, అప్పు. ఆస్తి అప్పుల పట్టికలో బాధ్యతల వైపు కనిపిస్తుంది. ఇతర వేదికల తరఫున టికెట్లు అమ్మి ఇంకా వాళ్లకు చెల్లించని డబ్బు మరికొంత. ఈ రెండూ తీసేస్తే స్వేచ్ఛగా వాడుకోగలిగేది ఒక చిన్న భాగమే. ఆ భాగాన్ని కంపెనీయే విడిగా ప్రకటిస్తుంది, వెతుక్కోవడం కూడా అక్కరలేదు. నాలుగు దశాబ్దాలు ఆడిట్ చేసినవాణ్ని, నగదు ఎంత అనే ప్రశ్న కంటే ఎవరి నగదు అనే ప్రశ్నే ముందు వేస్తాను.

ముందుగా వచ్చే ఈ డబ్బుకు రెండు ముఖాలున్నాయి. వ్యాపారం పెరుగుతున్నంత కాలం ప్రేక్షకుడే వడ్డీ లేని పెట్టుబడిదారు. కచేరీలు ఆగితే అదే డబ్బు తిరిగి ఇవ్వాల్సి వస్తుంది. 2020 రెండో త్రైమాసికం చూడు. అంతకుముందు ఏడాది అదే త్రైమాసికంలో సుమారు 316 కోట్ల డాలర్ల ఆదాయం, కొవిడ్‌తో అది 7.4 కోట్లకు పడిపోయింది. ఏడాది మొత్తం చూస్తే 2019లో 1,155 కోట్లు, 2020లో 186 కోట్లు. జీతాలు, అద్దెలు, వడ్డీలు మాత్రం జనం రాలేదని ఆగవు. ఇలాంటి కంపెనీ మీద ఏ నివేదికకైనా "ఆరు నెలలు కచేరీ లేకపోతే?" అనే పట్టిక ఒకటి జతచేయాలన్నది నా పట్టుదల. మీ పైఅధికారి అక్కరలేదన్నా సరే.

ఇక లాభంలో ఏ లాభం అన్న గొడవ. సర్దుబాటు చేసిన నిర్వహణ లాభం 2024లో 14 శాతం పెరిగి 215 కోట్లయిందని రాశావు. నిజమే. అదే ఏడాది అసలు నిర్వహణ లాభం 107 కోట్ల నుంచి 82.5 కోట్లకు తగ్గింది. రెండూ ఒకే కంపెనీవి, ఒకే ఏడాదివి. మధ్యలో ఏముందో విప్పి చూడు. తరుగుదల, ఉద్యోగులకు షేర్ల రూపంలో ఇచ్చినది ఉంటాయి, సరే. 2021 నవంబరులో హ్యూస్టన్‌లో పది మంది ప్రాణాలు పోయిన ఆస్ట్రోవరల్డ్ ఉత్సవం దావాల కోసం 2024 తొలి త్రైమాసికంలో దాదాపు 28 కోట్ల డాలర్లు పక్కన పెట్టారు, అదీ ఉంది. దీన్ని ఏటా వచ్చే ఖర్చు కాదని తీసేయడంలో కొంత న్యాయం ఉందేమో. అయినా వేలమందిని ఒకచోట చేర్చే వ్యాపారానికి భద్రత పరాయి విషయం కాదు గదా. నాకు అంతకంటే మింగుడుపడనిది మరొకటి. టికెట్ల హక్కు తమకే దక్కాలని వేదికలకు ముందే చెల్లించి, తిరిగి రాబట్టుకోని అడ్వాన్సులు ఉంటాయి. ఏటా వాటిలో కొంత ఖర్చు రాస్తారు. ఆ ఖర్చును కూడా సర్దుబాటు లాభం లెక్కలో చేర్చరు. నా దృష్టిలో అది టికెట్ల వ్యాపారం నడవడానికి కట్టే కూలి. నీ నివేదికలో దాన్ని లాభంలోంచి తీసివేసి ఇంకో వరుస చూపించు.

సొంత కట్టడాలున్న కంపెనీలను చూసేటప్పుడు తరుగుదలను కూడా తోసిపుచ్చకు. లాస్ వేగాస్‌లో 2023 సెప్టెంబరులో తెరిచిన స్ఫియర్ అనే గోళాకార వేదికకు సుమారు 230 కోట్ల డాలర్లు అయింది. అంత డబ్బు ఒకే కట్టడంలో పెట్టాక, తరుగుదల కాగితం మీది ఖర్చేనంటే నేను ఒప్పుకోను.

మిగతావి చిన్నవి. ఎండాకాలపు కచేరీల వల్ల రెండో, మూడో త్రైమాసికాలే నిండుగా ఉంటాయి కాబట్టి ఏ త్రైమాసికాన్నయినా నిరుటి అదే త్రైమాసికంతోనే పోల్చు, ముందు దానితో కాదు. న్యూయార్క్ వేదికల కంపెనీ మాడిసన్ స్క్వేర్ గార్డెన్ ఎంటర్‌టైన్‌మెంట్ ఆర్థిక సంవత్సరం జూన్‌తో ముగుస్తుంది, పోలిక పట్టికలో ఆ మాట రాయి. అమెరికా న్యాయశాఖ 2024 మేలో పలు రాష్ట్రాలతో కలిసి లైవ్ నేషన్ మీద గుత్తాధిపత్య దావా వేసింది. దాన్ని "ఇతర నష్టభయాలు" అనే చివరి పేరాలో పెట్టావు. లాభంలో సగం దగ్గరగా ఏ విభాగం నుంచి వస్తోందో పైన చూశావు గదా, ఆ దావా గురి పెట్టిందీ ఆ విభాగానికీ కచేరీలకూ ఉన్న ముడి మీదే. దాన్ని విభాగాల పట్టిక పక్కకు తీసుకురా.

విభాగాల వారీగా 2019 నుంచి అయిదారేళ్ల పట్టిక, తలసరి లాభం వరుస, స్వేచ్ఛా నగదు వరుస, అడ్వాన్సుల ఖర్చు తీసివేసిన లాభం, ఈ నాలుగూ సిద్ధమయ్యాక పంపు. 2020, 2021 వరుసలు అందవిహీనంగా వస్తాయని తీసేయకు. రేఖాచిత్రాలు ఆ తరవాత చూద్దాం.

ఆశీస్సులతో,
మామయ్య