మొదటి యుద్ధ విమానం నమూనాగా ఏది కట్టాలి?

రేడియో కంట్రోల్ విమానాల శీర్షికకు ఈసారి విశాఖపట్నం, అనకాపల్లి పరిసరాల నుంచి అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం రెండో ప్రపంచ యుద్ధ కాలపు విమానాల నమూనాల గురించే ఉన్నాయి. వాటిలో ఐదింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న (గాజువాక): ఫోమ్‌తో చేసిన రెక్క దేహం పైన ఉండే హైవింగ్ రకం, కొత్తవారు నేర్చుకునే ట్రైనర్‌ను రెండేళ్లుగా ఎగరేస్తున్నాను. ఇప్పుడు తేలికైన బాల్సా చెక్కతో, రెక్క పొడవు 1.4 మీటర్లు ఉండే బ్రిటిష్ యుద్ధ విమానం స్పిట్‌ఫైర్ కట్టాలని ఉంది. మొదటి వార్‌బర్డ్‌గా (యుద్ధ విమానం నమూనాగా) అది పనికిరాదని మిత్రులు అంటున్నారు. నిజమేనా? అయితే ఏది కట్టాలి?

జవాబు: మీ మిత్రులు చెప్పినది నిజమే. స్పిట్‌ఫైర్ గాలిలో చక్కగా ఎగురుతుంది. చిక్కంతా నేల మీద, నేలకు దగ్గరగా ఉన్నప్పుడు వస్తుంది. దాని చక్రాల కాళ్లు విమాన దేహానికి దగ్గరగా బిగించి, రెక్కల కొసల వైపు మడుచుకునేలా ఉంటాయి కాబట్టి, నేల మీద రెండు చక్రాల మధ్య ఎడం చాలా తక్కువ. కాక్‌పిట్ నుంచి చూస్తే సవ్యదిశలో తిరిగే ప్రొపెల్లర్ ఉన్న నమూనా, థ్రాటిల్ (మోటారు శక్తి) పెంచగానే ఎడమకు లాగుతుంది. దాన్ని కుడి రడ్డర్‌తో (ముక్కును పక్కలకు తిప్పే తోక పలకతో) సరిచేసే లోపు విమానం ఒక పక్కకు ఒరిగి రెక్క కొస గడ్డికి తగులుతుంది. ముందు చక్రం ఉన్న ట్రైనర్‌కు అలవాటు పడిన చేతికి ఈ దిద్దుబాటు వెంటనే రాదు.

రెండో కారణం వేగం. మీ ట్రైనర్ బరువు 1.2 కిలోలు, రెక్క వైశాల్యం 36 చదరపు డెసిమీటర్లు అనుకుంటే, ఒక్కో చదరపు డెసిమీటరు మీద 33 గ్రాముల భారం పడుతుంది. 1.4 మీటర్ల స్పిట్‌ఫైర్‌కు రెక్క వైశాల్యం దాదాపు అంతే, కానీ మోటారు, చక్రాలు, రంగులు అన్నీ కలిసి బరువు 2.1 కిలోలకు చేరితే ఆ భారం 60 గ్రాములవుతుంది. ట్రైనర్ గంటకు సుమారు 25 కిలోమీటర్ల వేగం వద్ద స్టాల్ అయితే (రెక్క ఎత్తే శక్తి కోల్పోతే), ఇది సుమారు 33 కిలోమీటర్ల వద్దనే స్టాల్ అవుతుంది. అంతటితో ఆగదు. 60 డిగ్రీలు వంచి మలుపు తిప్పినప్పుడు రెక్క రెట్టింపు బరువు మోయవలసి వస్తుంది, స్టాల్ వేగం 1.41 రెట్లు పెరిగి 46 కిలోమీటర్లు దాటుతుంది. దిగడానికి వస్తూ, వేగం తగ్గించి, మైదానం దాటిపోతున్నామన్న తొందరలో ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) గట్టిగా లాగి మలుపు తిప్పిన వార్‌బర్డ్ ఒక్క క్షణంలో తిరగబడి నేలకు కొట్టుకోవడానికి కారణం ఈ లెక్కే. కొసలకు సన్నబడే రెక్కలో కొస ముందుగా స్టాల్ కావడం వల్ల ఆ తిరగబడటం మరింత హఠాత్తుగా జరుగుతుంది. అందుకే కట్టేటప్పుడు రెక్క కొసల ముందంచు రెండు డిగ్రీల మేర కిందికి ఉండేలా వాషవుట్ ఇవ్వాలి.

నా సలహా హాకర్ హరికేన్. 1935 నవంబరు 6న మొదటిసారి ఎగిరిన ఈ విమానం రెక్క పొడవు 12.19 మీటర్లు. ఎనిమిదో వంతు నమూనా 1.52 మీటర్లు వస్తుంది, రెక్క వైశాల్యం 37 చదరపు డెసిమీటర్లు దాటుతుంది. చక్రాలు లోపలికి మడుచుకుంటాయి కాబట్టి నేల మీద ఎడంగా నిలబడతాయి. రెక్క మందంగా ఉంటుంది కాబట్టి లోపల బలమైన స్పార్ (రెక్క పొడవునా సాగే దూలం) పెట్టుకోవచ్చు. అన్నిటికన్నా నాకు నచ్చినది దాని వెనుక భాగం. అసలు విమానంలోనే అక్కడ చట్రం మీద సన్నని చెక్క పట్టీలు పరిచి గుడ్డ కప్పారు. నమూనాలోనూ అదే పద్ధతి పాటిస్తే వెనుక భాగం అచ్చంగా అసలుదానిలా కనిపిస్తుంది, తేలికగానూ ఉంటుంది. మన వైమానిక దళం బర్మా యుద్ధరంగంలో నడిపిన విమానం కూడా ఇదే. 1.9 కిలోలకు మించకుండా కట్టగలిగితే స్టాల్ వేగం సుమారు 31 కిలోమీటర్లకు దిగుతుంది. ఆ రెండు మూడు కిలోమీటర్ల తేడా కాగితం మీద చిన్నదిగా కనిపించినా, దిగేటప్పుడు మీకు ఎంతో ఊరటనిస్తుంది.

ప్రశ్న (ఎం.వి.పి. కాలనీ): ఇంజినీరింగ్ చదువుతున్నాను. 1942లో విశాఖ మీద బాంబులు వేసిన జపాన్ విమానాన్ని కట్టాలని నా కోరిక. దాని కిట్ ఎక్కడా దొరకడం లేదు. ప్లాన్ నేనే గీసుకోవచ్చా?

జవాబు: తప్పక గీసుకోవచ్చు. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాకు ఎక్కువ సంతోషం కలిగించినది మీదే. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన నకాజిమా బీ5ఎన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద దాడి చేశాయి. మిత్రరాజ్యాలు ఈ రకానికి 'కేట్' అని పేరు పెట్టాయి. ఆనాడు పడిన బాంబు ఒకటి బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉంది. పని మొదలుపెట్టే ముందు ఒకసారి వెళ్లి చూసి రండి.

పేరుకు బాంబర్ అయినా, నమూనాగా ఇది పేరున్న ఫైటర్లలో చాలావాటికన్నా మెరుగు. ముగ్గురు మనుషులను, టార్పెడోను మోస్తూ నౌక మీది కొద్దిపాటి చోటులోనే లేచి దిగవలసిన విమానం కాబట్టి దానికి పెద్ద రెక్క పెట్టారు. పొడవు సుమారు 15.5 మీటర్లు, వైశాల్యం 37.7 చదరపు మీటర్లు. పదో వంతు నమూనాకు 1.55 మీటర్ల రెక్క, 37.7 చదరపు డెసిమీటర్ల వైశాల్యం వస్తాయి. 1.8 కిలోలలో ముగిస్తే చదరపు డెసిమీటరుకు 48 గ్రాములే. చక్రాలు లోపలికి మడుచుకునేవే. ముగ్గురి కోసం పెట్టిన పొడవాటి గాజు కప్పు మీకు పెద్ద వరం. దాన్నే తెరుచుకునే మూతగా చేస్తే బ్యాటరీ మార్చడానికి విమానాన్ని తిరగవేయనక్కరలేదు.

మూడు వైపుల నుంచి చూపే రేఖాచిత్రాన్ని పెద్దదిగా చేసి ప్లాన్ గీయండి. రెక్క అడ్డుకోతకు అసలు విమానానిది వెతుక్కోకుండా, కింది భాగం దాదాపు చదునుగా ఉండే క్లార్క్ వై రకం వాడండి. బల్ల మీద పరిచి వంకర లేకుండా కట్టడం సులభమవుతుంది, తక్కువ వేగంలో నిదానంగానూ ఉంటుంది. తోక రెక్క వైశాల్యాన్ని పది శాతం పెంచినా చూసేవారికి తెలియదు, కానీ స్టిక్ పట్టుకున్న మీకు తేడా తెలుస్తుంది. రెక్కలు మడిచే ఏర్పాటు జోలికి పోవద్దు, అది బరువు పెంచడం తప్ప ఎగరడానికి ఏమీ చేయదు. మొదటి నమూనాకు చక్రాలను కూడా మడవకుండా బిగించి ఉంచడమే మంచిది. రంగుల విషయంలో ఊహ మీద ఆధారపడకుండా, ఆ కాలపు ఛాయాచిత్రాలు చూసి నిర్ణయించండి.

ఒక్క విన్నపం. ఆ దాడిలో మన ఊరివాళ్లు ప్రాణాలు కోల్పోయారు. ఈ నమూనాను ప్రదర్శనలో పెట్టినప్పుడు పక్కనే ఆ తేదీ, ఆ సంగతి రాసిన చిన్న అట్ట ఉంచండి.

ప్రశ్న (అనకాపల్లి): బాల్సా చెక్క ఖరీదు ఎక్కువ, తెప్పించుకోవడానికి రోజులు పడుతోంది. మా దగ్గరి ఏటికొప్పాకలో బొమ్మలు చేసే అంకుడు కర్రగాని, కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికిగాని వాడవచ్చా?

జవాబు: కర్ర ఏదైనా ముందు తూకం వేయండి. పది సెంటీమీటర్ల పొడవు, పది సెంటీమీటర్ల వెడల్పు, ఒక సెంటీమీటరు మందం ఉన్న ముక్క కోసి, గ్రాముల్లో చూపే వంటింటి తూకం మీద పెట్టండి. బాల్సా అయితే 10 నుంచి 20 గ్రాములు తూగుతుంది. మీ చేతిలోని కర్ర అంతకు రెట్టింపు తూగితే రెక్క పక్కటెముకలకు, తోకకు అది పనికిరాదు. అంకుడు తరిణి (చెక్కను తిప్పుతూ చెక్కే యంత్రం) మీద నునుపుగా తిరిగే కర్ర, లక్క రంగు బాగా పట్టే కర్ర, కానీ విమానం కట్టేంత తేలిక కాదు. పైలట్ బొమ్మ తలకు, తోక చక్రానికి మాత్రం హాయిగా వాడుకోండి. ప్రొపెల్లర్ ముందు ఉండే స్పిన్నర్‌ను ఏ కర్రతోనూ ఇంట్లో చేయవద్దు, నిమిషానికి వేల సార్లు తిరిగే వస్తువు పగిలితే ఎదుట ఉన్నవారికి ప్రమాదం. పొణికి అంకుడు కన్నా తేలికే గాని, సన్నని పట్టీగా కోసినప్పుడు వంచి చూసి, బాల్సాలా బిగువుగా నిలిస్తేనే వాడాలి. ఖర్చు తగ్గాలంటే దేహానికి డెప్రాన్ అనే ఫోమ్ షీటు, స్పార్లకు మాత్రం మంచి బాల్సా లేదా కార్బన్ గొట్టం వాడటం మేలు. రెక్క కొసల వంపులకు సన్నగా చీల్చిన వెదురు బద్ద చక్కగా సరిపోతుంది.

తోక విషయంలో మాత్రం రాజీ పడవద్దు. హరికేన్, కేట్ వంటి విమానాలకు ముక్కు పొట్టి, తోక దూరం. గరిమనాభి (విమానం సమతూకంగా నిలిచే చోటు) నుంచి తోక 75 సెంటీమీటర్ల దూరంలో, ముక్కులో తూకం కోసం సీసం పెట్టే చోటు 25 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, తోకలో అనవసరంగా చేరిన 10 గ్రాములకు ముక్కులో 30 గ్రాములు వేయవలసి వస్తుంది. విమానం మొత్తానికి 40 గ్రాములు పెరిగినట్టే. అందుకే కొన్న షీట్లన్నిటినీ ఒక్కొక్కటిగా తూచి, అంచున పెన్సిల్‌తో బరువు రాసి, అన్నిటికన్నా తేలికైనవి తోకకు, బరువైనవి మోటారు దగ్గరకు కేటాయించాలి. బద్దకించకుండా ఒక సాయంత్రం ఈ పని చేస్తే తరువాత సీసం కోసం వెతుక్కునే అవసరం చాలావరకు తప్పుతుంది.

మన తీరపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి పలుచని షీట్లను బరువు కింద చదునుగా, మూత ఉన్న పెట్టెలో ఉంచండి. పైన కప్పే ఫిల్మ్ ముదురు రంగుదైతే ఎండలో వేడెక్కి ముడతలు పడుతుంది. ఎండలో నిలిపిన కారులో విమానాన్ని వదిలి వెళ్లవద్దు.

ప్రశ్న (పెదవాల్తేరు): తెల్లవారుజామున జనం ఉండరు కదా, ఆర్కే బీచ్‌లో ఎగరేయవచ్చా?

జవాబు: వద్దు. నగరంలోని విమానాశ్రయం నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ డేగా స్థావరంలోనే ఉంది, తీరం పొడవునా నౌకాదళ ప్రాంగణాలు ఉన్నాయి. 2021 డ్రోన్ నియమాలు మన నమూనాలకూ వర్తిస్తాయి. వినోదం కోసం, కంటికి కనిపించే దూరంలో ఎగరేసే 25 కిలోల లోపు నమూనాకు టైప్ సర్టిఫికెట్ (ఆ రకం డిజైన్‌కు ఇచ్చే ధ్రువీకరణ) అక్కరలేదు. 2 కిలోలు మించనిదాన్ని వ్యాపారానికి కాకుండా ఎగరేసేవారికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కూడా అక్కరలేదు. అంత మాత్రాన ఎక్కడైనా ఎగరేయవచ్చని కాదు. ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైటు డిజిటల్ స్కైలోని పటంలో ఎరుపు, పసుపు ప్రాంతాలు అనుమతి లేకుండా ఎగరరాని చోట్లు. నగరం బయట స్థల యజమాని అనుమతితో మైదానం చూసుకుని, పటంలో అది ఆకుపచ్చగా ఉందని నిర్ధారించుకున్నాకే వెళ్లండి. భోగాపురం వైపు వెతికేవారు అక్కడి కొత్త విమానాశ్రయాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

ప్రశ్న (మధురవాడ): హరికేన్ కట్టడం పూర్తయింది, బరువు 1.95 కిలోలు. 4 సెల్స్ 3300 ఎంఏహెచ్ బ్యాటరీ, 12×8 ప్రొపెల్లర్ పెట్టాను. మొదటిసారి ఎగరేయాలంటే భయంగా ఉంది. ఏయే విషయాలు చూసుకోవాలి?

జవాబు: రెండు కిలోల లోపు ముగించారు, అభినందనలు. పూర్తి థ్రాటిల్‌లో వాట్‌మీటర్ మీద 500 నుంచి 600 వాట్లు చూపితే శక్తి చాలు. గరిమనాభిని, అంటే మనం సీజీ అనేదాన్ని, రెక్క సగటు వెడల్పులో ముందంచు నుంచి 25 శాతం దగ్గర ఉంచండి. తరువాత కావాలంటే కొద్దికొద్దిగా వెనక్కి జరుపుకోవచ్చు. తోక బరువుగా ఉన్న విమానాన్ని మాత్రం నేల మీద నుంచి లేపవద్దు. బ్యాటరీని ముందుకు జరిపినా సరిపోకపోతే సీసం వేయడానికి వెనుకాడకండి.

విమానం వెనుక నిలబడి, కుడి ఐలెరాన్ (విమానాన్ని పక్కకు వంచే, రెక్క వెనుక అంచు పలక) ఇస్తే కుడివైపుది పైకి లేస్తోందో లేదో చూడండి. అనుభవజ్ఞుల చేతిలో కూడా విమానాలు పోయేది ఈ ఒక్క పరీక్ష మరిచినప్పుడే. ప్రొపెల్లర్ తీసేసి, ట్రాన్స్‌మిటర్ ఆపివేసి, ఫెయిల్‌సేఫ్‌లో (సిగ్నల్ తెగినప్పుడు) మోటారు ఆగుతోందని నిర్ధారించుకోండి. ట్రాన్స్‌మిటర్‌లోని రేంజ్ చెక్ (సిగ్నల్ శక్తి తగ్గించి చేసే పరీక్ష) వాడి ముప్పై అంగల దూరం నడిచి సర్వోలు (పలకలను కదిపే చిన్న మోటార్లు) అన్నీ స్పందిస్తున్నాయా అన్నది చూడండి. ఐలెరాన్, ఎలివేటర్లకు 30 శాతం ఎక్స్‌పో (స్టిక్ మధ్యలో స్పందనను మెత్తబరిచే అమరిక) పెట్టండి.

మనకు సముద్రపు గాలి పొద్దెక్కిన కొద్దీ బలపడుతుంది. కాబట్టి సూర్యోదయం తరువాత ఒకటి రెండు గంటల్లోనే పని ముగించాలి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఉదయాలు ఇందుకు చాలా అనుకూలం. గాలికి ఎదురుగా నిలిపి, ఎలివేటర్ లాగి పట్టుకుని తోకను నేలకు ఆనించి, థ్రాటిల్‌ను నాలుగైదు సెకన్ల పాటు నెమ్మదిగా పెంచండి. కుడి రడ్డర్ మీద బొటనవేలు సిద్ధంగా ఉండాలి. వేగం అందుకున్నాక ఎలివేటర్ సడలిస్తే తోక దానంతట అదే లేస్తుంది. విమానం నేల విడిచాక ముక్కు ఎత్తకుండా, ఏటవాలుగా ఎక్కనివ్వండి.

ట్రిమ్ (స్టిక్ వదిలినా నేరుగా ఎగిరేలా చేసే సర్దుబాటు) సరిచేశాక, దిగే ఆలోచన చేసే ముందు, వంద మీటర్ల ఎత్తులో థ్రాటిల్ తగ్గించి, రెక్కలు సమంగా ఉంచి ఎలివేటర్ మెల్లగా లాగుతూ ఏ దశలో స్టాల్ అవుతోందో, ఏ రెక్క పడుతోందో చూడండి. దిగేటప్పుడు ఆ దశకు దూరంగా ఉండాలంటే ముందు అది ఎలా ఉంటుందో కళ్లతో చూసి తీరాలి. చివరి మలుపు వెడల్పుగా, కొద్దిపాటి వంపుతో తిప్పండి. ట్రైనర్‌ను దించినట్టు మోటారు పూర్తిగా ఆపి తేలించుకుంటూ రావద్దు. నేలకు మోకాలెత్తు వరకు కొంత థ్రాటిల్ ఉంచి, అక్కడ నెమ్మదిగా తగ్గించండి. నచ్చకపోతే థ్రాటిల్ పెంచి మరో చుట్టు తిరిగి రండి. ఇందుకోసమే టైమర్‌ను ఐదు నిమిషాలకు పెట్టుకోమంటాను. సగటున 20 ఆంపియర్లు లాగినా ఆ బ్యాటరీలో అప్పటికి సగం మిగిలి ఉంటుంది, రెండు మూడు సార్లు తిరిగి ప్రయత్నించడానికి అది చాలు.

ఇంటికి చేరాక తడిగుడ్డతో మోటారు చుట్టూ, చక్రాల దగ్గర తుడిచి ఆరబెట్టండి, ఉప్పు గాలికి బేరింగులు, స్టీలు కడ్డీలు త్వరగా తుప్పు పడతాయి. వారంలోగా మళ్లీ ఎగరేయకపోతే బ్యాటరీని ఒక్కో సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర నిలిపి ఉంచండి.