శుభలేఖల స్క్రీన్ ప్రింటింగ్‌తో 2.45 గిగాహెర్ట్జ్ ఐసోలేటర్ వస్తుందా?

విజయనగరంలో శుభలేఖలు అచ్చేసే స్క్రీన్ ప్రింటింగ్ షాపులో ఎఫ్‌ఆర్4 సర్క్యూట్ బోర్డు మీద ఫెరైట్ (అయస్కాంత సిరామిక్) పూత వేయించి ప్రాజెక్టుకు ఐసోలేటర్ (సిగ్నల్‌ని ఒకవైపే పోనిచ్చే భాగం) చేయొచ్చా అని అడిగారు. పూత బాగానే పడుతుంది. కానీ తిన్నని మైక్రోస్ట్రిప్ లైను (బోర్డు మీద సిగ్నల్‌ని మోసే రాగి పట్టీ) మీద వేస్తే వచ్చేది ఐసోలేటర్ కాదు, అయస్కాంతంతో అటూ ఇటూ జరపగలిగే నాచ్, అంటే ఒక్క పౌనఃపున్యం దగ్గర సిగ్నల్ పడిపోయే గుంట. ముందు అదే చేయండి.

రాగిని మామూలుగా ఫెర్రిక్ క్లోరైడ్‌తో ఎచ్ చేసుకోండి. 1.6 మి.మీ. ఎఫ్‌ఆర్4 మీద 50 ఓమ్‌ల లైను వెడల్పు సుమారు 3 మి.మీ. వెండి పేస్టుతో లైను కూడా అచ్చేద్దామనుకోకండి, దాని నిరోధకత రాగి కంటే ఎక్కువ, సిగ్నల్ నష్టం పెరుగుతుంది. అచ్చేయాల్సింది ఫెరైట్ ఒక్కటే.

ఇంకు: వైఐజీ (యిట్రియం ఐరన్ గార్నెట్ అనే ఫెరైట్) పొడి 80 గ్రాములు, ఎపాక్సీ (హార్డెనర్‌తో కలిపి) 20 గ్రాములు. బరువులో 80 శాతమైనా ఘనపరిమాణంలో 47 శాతమే. పొడిని 110 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఆరబెట్టకపోతే బుడగలొస్తాయి. పింగాణీ కల్వంలోనే నూరండి. ఇనప కల్వం అరిగి ఇంకులో కలిస్తే నష్టం పెరుగుతుంది. పాత కంప్యూటర్ పవర్ సప్లై (ఎస్‌ఎంపీఎస్) ట్రాన్స్‌ఫార్మర్ కోర్ దంచి వాడొద్దు. అది సాధారణంగా మాంగనీస్-జింక్ ఫెరైట్, నిరోధకత చాలా తక్కువ. కళింగపట్నం నల్ల ఇసుక గురించీ అడిగారు. అందులో ఇల్మెనైట్ (ఇనుము, టైటానియం ఉన్న ఖనిజం) ఎక్కువ, గది ఉష్ణోగ్రతలో మన పనికి సరిపడా అయస్కాంతత్వం ఉండదు. పైగా మోనజైట్ (థోరియం ఉన్న రేడియోధార్మిక ఖనిజం) ఉంటుంది, అనుమతి లేకుండా తవ్వి తేకూడదు.

షాపులో 43టీ మెష్ (సెంటీమీటరుకు 43 దారాలు), సాల్వెంట్‌కు తట్టుకునే ఎమల్షన్ అడగండి. శుభలేఖల సన్న మెష్‌లో పొడి ఇరుక్కుంటుంది. స్క్రీన్‌కీ బోర్డుకీ మధ్య 2-3 మి.మీ. ఎడం ఉంచాలి. ఒక పూతకు సుమారు 30-50 మైక్రాన్లు వస్తాయి, ఆరాక మైక్రోమీటరుతో కొలవండి. ఆరు, ఏడు పూతలైతే గానీ నాచ్ కంటికి కనబడదు. వానాకాలంలో మన తీరం తేమకి హార్డెనర్ పైకి తేలి తెల్లటి జిడ్డు కడుతుంది, దాని మీద తరవాతి పూత నిలవదు. గోరువెచ్చని నీళ్లతో తుడిచి, ఆరాకే మళ్లీ వేయండి.

నియోడిమియం అయస్కాంతాల క్షేత్రం లైను పొడవునా ఉండాలి, అడ్డంగా పెడితే దాదాపు ఏమీ జరగదు. 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర సుమారు 550 ఓర్‌స్టెడ్ (గాలిలో గాస్‌తో సమానం) కావాలి: 2,450 మెగాహెర్ట్జ్‌ని 2.8తో భాగిస్తే 875, వైఐజీ సంతృప్తత 1,780 గాస్‌లో 47 శాతం 836. కిట్టెల్ సూత్రంలో (క్షేత్రం × (క్షేత్రం + 836) = 875 వర్గం) వేస్తే అంతే వస్తుంది. ఎస్‌ఎస్49ఈ హాల్ సెన్సర్‌తో సరిచూడొచ్చు, 5 వోల్టుల మీద గాస్‌కు 1.4 మిల్లీవోల్టులు. నాచ్ చూడటానికి నానోవీఎన్ఏ (చేతిలో పట్టే నెట్‌వర్క్ ఎనలైజర్) తొలి రకం ఈ పౌనఃపున్యం దాకా రాదు, 3 గిగాహెర్ట్జ్ వీ2 అరువు తెచ్చుకోండి. అయస్కాంతం దగ్గరికీ దూరానికీ జరిపినప్పుడు నాచ్ కదలకపోతే అది ఫెరైట్‌ది కాదు, మీ కనెక్టరు టంకానిది.

ఎస్21, ఎస్12 (ముందుకీ వెనక్కీ వెళ్లే సిగ్నల్ కొలతలు) రెండూ ఒకేలా పడతాయి, అందుకే ఇది ఐసోలేటర్ కాదు. తిన్నని లైను దగ్గర మైక్రోవేవ్ అయస్కాంత క్షేత్రం ఒకే గీతలో ఊగుతుంది. ఫెరైట్ మింగేది ఒకవైపు తిరిగే క్షేత్రాన్ని. ఐసోలేటరే కావాలంటే లైనులో ఒకేచోట తరంగదైర్ఘ్యంలో ఎనిమిదో వంతు పొడవున్న స్టబ్‌లు (పక్కకి చీలే పొట్టి లైన్లు) రెండు, ఒకటి చివర ఓపెన్, ఒకటి చివర గ్రౌండ్‌కి షార్ట్, పెట్టి ఆ కూడలి మీదే పూత వేయాలి. అప్పుడు క్షేత్రం బోర్డుకు నిలువుగా, సుమారు 1,700 ఓర్‌స్టెడ్ ఉండాలి. ఇంత సన్న ఎపాక్సీ పూతతో రెండు దిశల మధ్య తేడా తక్కువే వస్తుంది, రిపోర్టులో అమ్మకానికున్న ఐసోలేటర్ అంకెలతో పోల్చకండి.